మన భాషలో నూబ్

"నువ్వు నూబ్‌వే!" అంది బ్లెస్సీ, ఆ మాటను అక్షరం అక్షరం విడగొట్టి మరీ. అందుకోసం చేతిలోని పునుగుల పొట్లం కూడా కింద పెట్టింది.

హఫ్సాకి ఒళ్ళు మండింది. నిన్నటి ఆటలో వెనక నుంచి వచ్చినవాణ్ణి చూసుకోకపోవడం తన తప్పే. జట్టు ఓడిందీ అందుకే. అంతమాత్రాన ఇంత ఎగతాళా? రేపే బెంజ్ సర్కిల్‌లో ఫోన్ ఆటల పోటీ. ముగ్గురి జట్టులో తన చోటు ఉంటుందో ఊడుతుందో కెప్టెన్ వినీల ఈ సాయంత్రమే తేల్చాలి.

గవర్నర్‌పేటలో వాళ్ళు కూర్చున్న మేడగది కింద పెళ్ళి ఊరేగింపు ఆగింది. బ్యాండు మేళం హోరుకి ఇంటావిడ వెంకటరత్నమ్మ తలుపులన్నీ బిగించుకుంది. మేడ మీద కిటికీలు మాత్రం బార్లా తెరిచే ఉన్నాయి. ఆటపిచ్చి వాళ్ళకి పెళ్ళి గోలతో పనేముంది!

"అసలు నూబ్ అంటే ఏంటి?" అని నిలదీసింది హఫ్సా.

"న్యూబీ అంటే కొత్తగా వచ్చినవాళ్ళు. అది అరిగి అరిగి నూబ్ అయింది," అంది బ్లెస్సీ.

వినీల ఇద్దరి భుజాలూ తట్టి తనవైపు తిప్పుకుంది. "రెండూ ఒకటి కాదు. న్యూబీకి ఆట రాదు, నేర్చుకుంటాడు. నూబ్‌కీ రాదు, కానీ రాదని ఒప్పుకోడు. నిన్న ఓడాక ఏం చేశావ్ హఫ్సా?"

"పొద్దున్నే లేచి మళ్ళీ ఆడానక్కా. అడుగడుక్కీ వెనక్కి చూసుకున్నా."

"గెలిచావా?"

"లేదు. ఈసారి ఎదురుగా వచ్చినవాడు లేపేశాడు."

బ్లెస్సీకి నవ్వాగలేదు. వినీలకీ ఆగలేదు.

"సరే, ఆ ఇంగ్లీషు తిట్టు ఇక వద్దు. మన భాషలో దానికి మాట లేదు. మనమే ఒకటి పుట్టిద్దాం," అంది వినీల.

"బాతుపిల్ల!" అంది బ్లెస్సీ.

"ఛీ, పో!"

"నారు," అంది వినీల. కంకిపాడు రైతుల పిల్ల ఆమె. "నారుమడిలో చూస్తే గడ్డిపోచల్లా ఉంటుంది. ఊడ్చి నాటాక నెల తిరగనీ, చేనంతా అదే. నారుని చూసి ఎవరైనా నవ్వుతారా?"

బ్లెస్సీ తల దించుకుంది. హఫ్సాకి ఆ మాట భలే నచ్చింది. ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"రేపు నేను ఉన్నానా, లేనా అక్కా?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జవాబు రాలేదు. చీకట్లో హఫ్సా ఫోను కోసం తడుముకుంటుండగా మళ్ళీ లైటు వెలిగింది.

"నువ్వు లేకుండా ఎలా వెళ్తాం, నారూ?" అంది వినీల.

హఫ్సా కళ్ళు చెమర్చాయి. బ్లెస్సీ వచ్చి ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఆ పట్టు విడిపించుకున్నాక గానీ హఫ్సా థాంక్స్ చెప్పలేకపోయింది.

ఆ ముగ్గురిదీ సైగల భాష.