కింద నుంచి వచ్చిన జవాబు

బుధు మళ్ళీ బాంబులు అడగడానికే సంతకు దిగాడు.

అంతకు ముందు వెళ్ళిన ప్రతిసారీ కొట్టు యజమాని కృష్ణమూర్తి తిప్పి పంపేశాడు. లైసెన్సు లేకుండా టపాకాయలు అమ్మితే కేసు పెడతారన్నాడు. స్టేషన్‌కు వెళ్ళి అడిగితే, కొండ మీదికి మందుగుండు ఎందుకంటూ ఎస్సై బుధునే కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు.

బుధు చెప్పినదాంట్లో దాపరికం లేదు. వాళ్ళ ఊరికి రోడ్డు లేదు. ఫోన్ సిగ్నల్ అందదు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కొండ అంచున నిలబడి రెండు బాంబులు పేలుస్తారు. కింద ఊళ్ళో జీపు నడిపే ఫల్గుణ అది విని, విన్నానన్నట్టు తనూ ఒకటి పేల్చి, రోడ్డు చివరికి జీపు తెస్తాడు. ఈలోగా వీళ్ళు డోలీ దించుతారు. జవాబు రాకపోతే ఒక మనిషి ముందుగా పరుగెత్తి వెళ్ళి పిలుచుకొస్తాడు.

ఊళ్ళో దాచుకున్న బాంబులు వానలకు నానిపోయాయి. బుధు భార్య కృపావతికి నెలలు నిండుతున్నాయి. ఇంకా రెండు వారాలు టైముందని నర్సమ్మ చెప్పింది గానీ, బుధుకు నిద్ర పట్టడం లేదు.

ఈసారి కృష్ణమూర్తి కాదనలేదు. తనే పిలిచి రెండు బాంబులు చేతిలో పెట్టాడు.

"నా ఇంటిదానికి నొప్పులొస్తే కబురెట్టడానికే బాబూ. మరి దేనికీ కాదు" అన్నాడు బుధు.

"తీసుకోరా. ఇయ్యాల నిన్నెవుడూ ఏటీ అనడు."

పక్కనున్న కానిస్టేబుల్ కూడా చూసి ఊరుకున్నాడు. తన గోడు ఇన్నాళ్ళకు వీళ్ళ చెవికెక్కిందనుకున్నాడు బుధు. ఇద్దరికీ దండం పెట్టి కొండెక్కాడు.

ఇంటికి చేరేసరికి కృపావతి గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నర్సమ్మ చెప్పిన లెక్క తప్పింది. చీర తడిసింది. నీళ్ళు కాదు, రక్తం.

బుధు కొండ అంచుకు పరుగెత్తాడు. పొద్దు వాలుతోంది. రెండు బాంబులూ పేల్చి చెవి ఒగ్గాడు.

కింద ఊరి వైపు నుంచి ఒక్క చప్పుడు వచ్చింది.

బుధుకు ఏడుపొచ్చింది. వెనక్కి పరుగెత్తి, ఫల్గుణ బయల్దేరాడని అందరికీ చెప్పాడు. ముందు మనిషిని పంపే పనిలేదు. పక్కింటి పైడయ్యా, మరో ముగ్గురూ డోలీ ఎత్తారు. దారి పొడుగునా బుధు ఆమె చెయ్యి వదల్లేదు. జీపు వచ్చేసుంటుంది, కొంచెం ఓర్చుకో అంటూనే ఉన్నాడు.

రోడ్డు చివర జీపు లేదు.

మలుపు దగ్గర లైట్లు కనిపిస్తాయేమోనని కాసేపు చూశారు. ఇక లాభం లేదని పైడయ్య ఊళ్ళోకి పరుగెత్తాడు. బుధు డోలీ పక్కన కూలబడ్డాడు. కృపావతి మూలుగు సన్నబడింది. తర్వాత అదీ ఆగిపోయింది. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు. లోపల కూడా కదలిక లేదు.

అక్కడ పైడయ్య వెళ్ళేసరికి ఫల్గుణ ఇంటి ముందే ఉన్నాడు. జీపూ ఉంది.

"రెండు బాంబులు ఏసినాం. ఇనలేదేటి?" అన్నాడు పైడయ్య రొప్పుతూ.

"ఇన్నాను. పొద్దు వాలిన కాడ్నుంచీ ఇంతానే ఉన్నాను" అన్నాడు ఫల్గుణ, అర్థంకాక.

ఆ రోజు దీపావళి.