పలకరించకండి

"హాయ్! క్యాంపులో మీ పక్క స్థలంలోకి మేం కొత్తగా వచ్చాం!" అంది కార్లా.

ఆ ముసలావిడ తలెత్తలేదు. చక్రాల మీద ఇల్లులాంటి తన ట్రైలర్‌ని పికప్ బండి నుంచి విప్పుకుంటూనే, ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి అడ్డం పెట్టింది.

కార్లా మొహం మాడిపోయింది.

"మోంటానాలో మనుషులు కలుపుగోలుగా ఉంటారన్నావ్?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

"ఒక్కావిడ్ని చూసి రాష్ట్రాన్నంతా తిట్టకు," అన్నాడు రస్సెల్.

అతను మహా హుషారులో ఉన్నాడు. మొదటి ట్రైలర్ మరి! చక్రాలకు పెట్టే దిమ్మలు, నీళ్ల గొట్టాలు, కరెంటు ఎక్కువైతే ఆపే పెట్టె, రంగు దీపాలు, గుమ్మం ముందు పరిచే పచ్చ పట్టా. దుకాణంవాడు చూపించినవన్నీ కొనేశాడు. పెళ్లికూతురికి కూడా అంత సారె పెట్టరు.

తన పని పూర్తయ్యాక ముసలావిడ తనే వచ్చింది. పేరు వెర్నా అని చెప్పి, ఓ చెక్క బోర్డు అందించింది.

'ట్రైలర్ తగిలిస్తున్నాం. పలకరించకండి' అని ఎర్ర రంగుతో రాసి ఉంది.

"మొదటి ట్రైలరా?" అంది వెర్నా.

"అవును మేడమ్."

"అయితే అన్నిటికంటే ముందు ఉండాల్సింది ఇదే. తగిలించేటప్పుడు బండికి వేలాడదియ్యండి. అప్పుడు ఎవరు పిలిచినా పలక్కండి."

"మాకు అన్నీ ఉన్నాయి మేడమ్. దుకాణంవాడు ఒక్కటీ వదల్లేదు."

"ఇది వాడి దగ్గర దొరకదు," అని బోర్డు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

రస్సెల్ పగలబడి నవ్వి, దాన్ని చలిమంట కోసం తెచ్చిన కట్టెల్లో పడేశాడు.

ఆదివారం పొద్దున బయల్దేరే హడావిడి.

రస్సెల్ ట్రైలర్ మూతిని పికప్ వెనకున్న ఇనప గుండు మీదికి దించాడు. లైట్ల తీగ కలిపాడు. ఇంకా గొళ్లెం వెయ్యాలి, గొలుసులు తగిలించాలి. గొలుసులు చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం గురూ, అప్పుడే పోతున్నారా?" అంటూ, క్యాంపుకి చేపలు పట్టడానికొచ్చిన మిక్ అనేవాడు దగ్గరికొచ్చాడు. "నిన్న నాకు పడ్డ చేప చూశావా? ఫొటో ఉంది, చూడు చూడు!"

రస్సెల్ గొలుసుల్ని ట్రైలర్ మూతి మీద పెట్టి ఫోన్ అందుకున్నాడు.

చేప పొడుగు దగ్గర మొదలైన మాటలు మిక్ అల్లుడి బద్ధకం దాకా వెళ్లాయి.

"రస్, ఆలస్యమవుతోంది!" కార్లా అరిచింది.

"లైట్లు వెలుగుతున్నాయా?"

"వెలుగుతున్నాయ్!"

రస్సెల్ చేతులు తుడుచుకుని బండెక్కాడు.

ఇంజన్ మొదలయ్యేలోపు వెర్నా పికప్ దూసుకొచ్చి దారికి అడ్డంగా ఆగింది.

"దిగండి," అందావిడ, రొప్పుతూ. "మొదట్నుంచీ మళ్లీ చూసుకోండి."

"అన్నీ చూసుకున్నాను."

"మధ్యలో మాటల్లో పడ్డారు. ఏది మర్చిపోయారో నాకు తెలీదు. ఏదో మర్చిపోయే ఉంటారు."

"మేడమ్, మీకు మనుషులు గిట్టకపోతే ఇంట్లో కూచోండి. మా మీదెందుకు ఈ పెత్తనం?"

వెర్నా ట్రైలర్ వైపు వెళ్లబోయింది. రస్సెల్ దిగి ఎదురు నిలబడ్డాడు.

"నా బండి ముట్టుకున్నారో, బాగుండదు!"

కార్లా పరుగున వెళ్లి క్యాంపు మేనేజర్ డెల్బర్ట్‌ని పిలుచుకొచ్చింది.

"వెర్నా, మళ్లీ మొదలెట్టావా?" అన్నాడతను విసుగ్గా. "అందర్నీ ఇలాగే ఆపుతావ్. ఫిర్యాదులు వినలేక చస్తున్నా. బండి తియ్!"

"ఒక్కసారి వంగి చూడమను, డెల్బర్ట్. ఒక్కసారి..."

"తియ్యమన్నానా!"

ఆవిడ బండి పక్కకు తీసింది. ఇంజన్ మాత్రం ఆపలేదు.

క్యాంపు నుంచి రోడ్డు నిటారుగా ఎక్కుతుంది. కింద సరస్సు. ఒడ్డున పిల్లలు గాలి ట్యూబులతో కేరింతలు కొడుతున్నారు.

"పీడ విరగడైంది," అన్నాడు రస్సెల్.

ఎత్తు చివర, పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా పరిచిన ఇనప కడ్డీల మీద బండి ఎగిరిపడింది.

వెనక ఏదో ఫట్‌మంది. బండి ఒక్కసారిగా తేలికైపోయింది.

"రస్!" కార్లా అద్దంలోకి చూసి కెవ్వుమంది. "మన ట్రైలర్... వెనక్కి పోతోంది!"

ట్రైలర్ మూతితో రోడ్డును గీరుకుంటూ, నిప్పురవ్వలు రాలుస్తూ, పల్లానికి జారిపోతోంది. తిన్నగా ఒడ్డు మీదికి. పిల్లల మీదికి.

డెల్బర్ట్ అరుపులు వాళ్ల కేరింతల్లో కలిసిపోయాయి.

వెర్నా పికప్ ఒక్క ఉదుటున దారికి అడ్డంగా వచ్చింది. ఈసారి ఎవరూ తియ్యమనలేదు.

ట్రైలర్ వచ్చి దాన్ని గుద్దిన చప్పుడుకి సరస్సు మీది పక్షులన్నీ లేచిపోయాయి.

పిల్లల్లో ఒక్కరికీ చిన్న గీత పడలేదు.

వెర్నాని అంబులెన్సులోకి ఎక్కిస్తున్నప్పుడు రస్సెల్ పక్కన పరిగెత్తాడు. "మేడమ్... మేడమ్..." అంటూనే ఉన్నాడు. ఆవిడ కళ్లు తెరవలేదు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. విని, "వెర్నా పోయింది," అంటూ డెల్బర్ట్ టోపీ తీసేశాడు.

కార్లా వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆవిడ చెబుతూనే ఉంది... మేమే వినలేదు."

"నేను మాత్రం విన్నానా?" అన్నాడు డెల్బర్ట్. "కొన్నేళ్ల కిందట వాళ్లాయనా ఇలాగే గొలుసులు మర్చిపోయాడు. ఊడిన ట్రైలర్‌ని ఆపబోయి దాని కిందే పడ్డాడు."

"ఆయన్నీ ఎవరైనా మాటల్లో పెట్టారా?" అడిగాడు రస్సెల్.

డెల్బర్ట్ తలూపాడు.

"వెర్నానే."