లిఫ్టు గురించి రాసిన మెయిలు

అయ్యా, ఈ ఫిర్యాదు నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. చదువు రాకపోయినా చెవులు పనిచేస్తాయి నాకు.

పనిచేసే గోదాములో సామాను లిఫ్టు తెగిపడి నా కూతురు పోయింది. అంతకు రెండు రోజుల ముందే తను మేనేజరుకు మెయిలు రాసింది. ఏది రాసినా పంపే ముందు ఇంటికొచ్చి, ఫోనులో నాకు చదివి వినిపించడం తనకు అలవాటు.

"మాకేమీ రాలేదు" అన్నాడు మేనేజరు. తుడిచేశావని పది రోజులు ఆఫీసు గుమ్మంలో కూర్చున్నాను.

చివరికి కంప్యూటర్లు చూసే అతన్ని పిలిపించారు. రోజూ సాయంత్రం మెయిళ్లన్నిటికీ నకలు తీసి దాస్తారట, దాన్ని బ్యాకప్ అంటారట. అందులో వెతికి, "దొరికింది పెద్దమ్మా" అన్నాడు.

"చదువు నాయనా."

"లిఫ్టు తీగలో మూడు పోగులు తెగాయి సార్. మనుషుల్ని ఎక్కించకండి."

గొంతు అతనిది, మాటలు నా పిల్లవి.

"విన్నారా! నాయనా, తుడిచిన చెయ్యి ఎవరిదో అదీ చెప్పు."

అతను తల వంచుకున్నాడు. "ఇది పంపలేదు పెద్దమ్మా. రాసి ఉంచుకుని, మర్నాడు పొద్దున తనే తీసేసింది."

ఆ సాయంత్రం పిల్ల చదివింది విని నేనేమన్నానో అదీ రాయండి: "పెద్దవాళ్లతో పెట్టుకుని నోటికాడ కూడు పోగొట్టుకుంటావా? తుడిచెయ్యి."

పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కటీ విన్న పిల్ల కాదు. పంపే ఉంటుందనుకున్నాను.

కేసు వదలను. తీగ తెగింది వాళ్ల గోదాములోనే. కానీ ముద్దాయిల వరసలో నన్నూ చేర్చండి. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి?