ఏడో శిష్యుడు

గడ్డం కింద మచ్చను టైలరమ్మ వేలితో తడిమి చూసింది. ఇంక సందేహం లేదు. చిన్నప్పుడు తన చేతిలోని కత్తెర జారి తమ్ముడికి తగిలిన గాటే ఇది. రాతిలోనూ అదే వంకర.

ఊరి చివర, ఏటి వంపు మీద కట్టిన చిన్న బౌద్ధాలయం అది. మధ్యలో అరమోడ్పు కళ్ళ బుద్ధుడు. రెండు గోడల వెంబడి పదకొండు మంది శిష్యులు, పూర్తిగా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఏ ఇద్దరి ముఖాలూ ఒక్కలా లేవు. కింద ఏటి హోరు తప్ప చప్పుడే లేదు. అయినా ఎవరో వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టనిపించి ఆమె మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది.

జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడ తను తిరిగొచ్చిన ఊళ్ళ ఫొటోలు చూపిస్తుంటే, ఈ ఏడో విగ్రహం దగ్గర టైలరమ్మ చేతిలో టేపు ఆగిపోయింది; ఈ ఊరి పేరు అడిగి తెలుసుకుని బయల్దేరింది. తమ్ముడు ఇల్లు విడిచి మూడేళ్ళు. పెళ్ళివారి పట్టుబట్ట మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయాడని, కోపం పట్టలేక, "ఇంక నీ మొహం నాకు చూపించకు" అనేసింది. చూపించలేదు మహానుభావుడు. ఆ మాట వెనక్కి తీసుకోవాలి, అంతే ఆమెకు కావలసింది.

విగ్రహాలు చెక్కిన ముసలాయన మెట్ల మీద ఉలి నూరుకుంటున్నాడు. ఏడో శిష్యుడి గురించి అడిగితే నూరడం ఆపి ఆమె వైపు చూశాడు.

"నీకేమవుతాడమ్మా?"

"తమ్ముడండీ. ఇక్కడే సన్యాసం పుచ్చుకున్నాడా?"

ఆయన ఉలి అంచును బొటనవేలితో చూసుకున్నాడు. మూడేళ్ళ కిందట వానాకాలంలో చూశాననీ, ఆ రోజే బంకమట్టితో ముఖం అచ్చు తీసిపెట్టుకుని తర్వాత రాయి పట్టాననీ, పేరు మాత్రం తెలియలేదనీ అన్నాడు.

"చెప్పడు లెండి. అలిగితే పదిరోజులైనా పెదవి విప్పడు వెధవ," అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ముసలాయన ఉలి పట్టుకుని లోపలికి నడిచాడు. పదకొండు పీఠాల్లో రెండింటి మీదే పేర్లున్నాయి. వెతుక్కుంటూ ఎవరైనా వస్తే అప్పుడు పేరు చెక్కుతాననీ, అసలు ఈ ముఖాలు చెక్కేదే అందుకనీ చెప్పాడు. ఆమె తమ్ముడి పేరు చెప్పింది. ఒక్కో అక్షరం తేలుతుంటే చేతిసంచిని గుండెకు హత్తుకుంది. అందులో నీలం చొక్కా ఉంది. ఈపాటికి భుజాలు వెడల్పయి ఉంటాయని రెండంగుళాలు వదులుగా కుట్టి తెచ్చింది.

"తాతగారూ, ఒక్క మాట. వాడి అందమంతా కళ్ళల్లోనే ఉందండీ. అలా మూసేశారేమిటి? కాస్త తెరిచి, నావైపు చూస్తున్నట్టు చెక్కరూ?"

ఆయన ఉలి కింద పెట్టి కిటికీలోంచి ఏటి వంపు వైపు చూశాడు. ఎగువ నుంచి వరదకు కొట్టుకొచ్చిన దుంగలు, చెప్పులు, విరిగిన కుర్చీ అక్కడి బురదలో చిక్కుకుని ఉన్నాయి.

"ఆ ఒడ్డున నేను చూసేసరికే ఆ కళ్ళు మూతపడి ఉన్నాయి తల్లీ."