సర్కారు కుక్క

కొత్త మందులు పరీక్షించడానికి సర్కారు ఇంటికో కుక్కనిచ్చింది. రోజూ పొద్దున్నే పైడమ్మ పెరుగన్నంలో మందు కలిపి పెడితే, కుక్క తోకాడిస్తూ తినేది. ఈమధ్య తిన్న ప్రతిసారీ వణుకుతూ గోడవారన పడిపోతోంది.

"ఇంక నేను కలపను తల్లీ. నా చెయ్యి చూసి నమ్మి తింటోందది," అంది మందు తెచ్చిన నర్సుతో.

"నీ ఇష్టమేంటి పిన్నీ? ఇది గవర్నమెంటు మందు!" నర్సు సీసా అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

పైడమ్మ ఆ మందంతా కాలవలో పారబోసింది. ఉత్త పెరుగన్నం కలిపి కుక్క ముందు పెట్టింది. అది వాసనైనా చూడలేదు. ఆమె చేతినే చూస్తూ వెనక్కి జరిగి గోడకు కరుచుకుపోయింది.

గిన్నెలో మిగిలిన పెరుగన్నం మొగుడు సూరయ్యకు వడ్డించింది. అతను కుక్కను చూశాడు. ఖాళీ సీసాను చూశాడు. కంచాన్ని ఆమె వైపు జరిపాడు.

"ముందు నువ్వో ముద్ద తిను," అన్నాడు.