ఆకాశంలో గంటా పావు

“రేపు ఇమానం ఎన్ని గంటలకు లేస్తాదమ్మా?” గిన్నెలు కడుగుతూ అడిగింది పనిమనిషి సుంకమ్మ.

“పదికి,” అంది శశికళ, సూట్‌కేసు సర్దుతూ.

“హైదరాబాదు శానా దూరం గదా. ఎంతసేపు పడతాది?”

“పైనుంచి నాలుగొందల యాభై కిలోమీటర్లే. గంటా పావులో దిగిపోతాం.”

“అంతసేపూ మీ ఫోను పలకదేమో?”

శశికళ చెయ్యి ఆగింది. రేపు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్తున్నారు. యలహంకలోని ఈ ఇంటి తాళంచెవి సుంకమ్మ దగ్గరే ఉంటుంది. ఫోను సంగతి దీనికెందుకు?

“పలకదు. నువ్వు పదికి వచ్చి, ఊడ్చి తుడిచి, వెంటనే తాళం వేసి పో.”

“ఎంటనే అంటే ఎట్లమ్మా. నిదానంగా చేసుకుంటాలే.”

సుంకమ్మకు తొందరంటే పడదు. ఆమె పెనిమిటి ఓ పొద్దున హొసకోటెకు పనికి బయల్దేరి దారిలోనే లారీ కింద పడిపోయాడు. “ఆ పొద్దు ఆయన గడప దాటంగానే నేను తొందరపడితిని” అని ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఏం తొందరో శశికళ ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం పక్కింటి ఛాయాదేవి వచ్చి ఇంకో మాట వేసింది. “పోయిన నెల మీరు వైజాగ్ వెళ్ళినరోజు సుంకమ్మ మా ఇంటికి పనికి గంటన్నర లేటు. మీ ఇంట్లోంచే రావడం చూశాను. మనుషుల్లేని ఇంట్లో అంతసేపు ఏం పనో మరి!”

వాచ్‌మన్ అశ్వత్థప్ప దగ్గర ఇంకో సంగతి తెలిసింది. సుంకమ్మ అతనిచేత మర్నాడు పదకొండుంపావుకు తన ఫోన్లో అలారం పెట్టించుకుందట.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఇదే. ఆరేళ్ళుగా ఇంటి మనిషిలా చూసుకున్నందుకు ఇదా ఫలితం అనుకుంది శశికళ. అప్పటికప్పుడు హాల్లో కెమెరా పెట్టించింది.

“తిరిగి రాగానే మాన్పించేస్తాను,” అంది మొగుడితో.

“ముందు చూడవే,” అన్నాడు హేమంత్‌కుమార్.

మర్నాడు విమానం అరగంట ఆలస్యంగా దిగింది. ఇంకా తలుపులు తెరవకముందే ఇద్దరూ హేమంత్ ఫోన్లో కెమెరా చూశారు. పదింటికి వచ్చిన సుంకమ్మ బీరువా వంక కూడా పోలేదు. గోడకు ఆనించిన చీపురు పక్కనే చతికిలబడి ఉంది. పదకొండుంపావుకు అలారం మోగితే ఆపేసింది గానీ లేవలేదు. గడియారం వంకే చూస్తోంది. చూసేకొద్దీ మొహం పాలిపోతోంది.

అంతలో శశికళ ఫోను మోగింది. సుంకమ్మే.

“దిగితిరామ్మా?” హలో అనైనా అనకుండా అడిగింది.

“దిగాం. గంటా ముప్పావు నుంచి ఆ ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తున్నావ్?”

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. కెమెరాలో సుంకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

“అయితే ఇంక ఇల్లు ఊడుస్తానమ్మా.”