తిరిగొచ్చే దారి

"ఎడమ ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కూడా కన్ను గీటుతోందమ్మా. ఒక్కోసారి రెండూ ఆరిపోతాయి. గుంటలో పడితే మళ్లీ వెలుగుతాయి," అన్నాడు స్కూలు వ్యాను డ్రైవరు.

"ఇప్పుడు బాగానే ఉందిగా?"

"మీ దగ్గరికొస్తే బుద్ధిగానే ఉంటుంది, డాక్టర్ని చూసి తగ్గిన జ్వరంలాగా. రేపు ఫిట్‌నెస్ పరీక్ష. అక్కడ ఆరిందంటే వ్యాను తుక్కుకి, నేను ఇంటికి."

బండ్లకి వైరింగ్ పని చేసే ఆమెని అందరూ వైరింగమ్మ అంటారు. తండ్రి పోయాక ఆయన షెడ్డూ, పనిముట్లూ, ముక్కుమీది కోపమూ అన్నీ ఆమెకే వచ్చాయి.

పొద్దుట్నుంచి బల్బులు మార్చింది. ఫ్యూజు మార్చింది. జబ్బు మాత్రం దొరకలేదు.

వెనక ఏదో కిర్రుమంది.

చేతిసంచీతో ఎవరో ముసలాయన. గోడవారనున్న చెక్క కుర్చీలో కూర్చున్నాడు.

"పెద్దాయనా, లేవండి. అందులో ఎవరూ కూర్చోరు."

"కాళ్లు పీకుతున్నాయమ్మా. బస్సు దిగి నడిచొచ్చాను."

"అదిగో బల్ల, అక్కడ కూర్చోండి. ఆ కుర్చీ ఒకాయన కోసం మా నాన్న ఉంచింది. నాన్న చివరి మాట ఒకటి ఆయనకి నేను చెప్పాలి. అందాకా అది ఖాళీయే."

లేవబోయిన ముసలాయన ఆగిపోయాడు.

"మీ నాన్న పోయాడా?"

"రెండేళ్లయింది. మీరూ ఆయన చేత వైరింగ్ చేయించుకున్నవాళ్లేనా?"

ముసలాయన షెడ్డంతా ఒకసారి కలయజూశాడు.

"ఆ వచ్చేవాడు వస్తాడంటావా?" అన్నాడు చివరికి.

"ఇరవై ఏళ్లుగా వస్తూనే ఉన్నాడు," అంది వెటకారంగా.

ముసలాయన కుర్చీ చేతిని ఒకసారి తడిమి, మెల్లగా లేచాడు. బల్లదాకా వెళ్లలేదు. వ్యాను ముందు నిలబడ్డాడు.

"బల్బుల తప్పేం లేదమ్మా. కరెంటు వెళ్లే దారి బాగానే ఉంది. తిరిగొచ్చే దారి చూడు."

"సలహాలకేం, ఊరంతా దొరుకుతాయి," అని విసుక్కుని, కొత్త స్విచ్చి కొనడానికి బజారుకి బయల్దేరింది.

గంట తర్వాత తిరిగొచ్చేసరికి డ్రైవరు మొహం వెలిగిపోతోంది.

"గుంటలన్నీ వెతికి మరీ తిప్పానమ్మా. లైటు కన్నార్పితే ఒట్టు."

"ఎవరు చేశారు?"

"ఆ ముసలాయనే. లైటు వెనక చెయ్యి పెట్టి, కరెంటు తిరిగొచ్చే ఎర్త్ వైరు బోల్టు తుప్పుపట్టిందన్నాడు. గీకి, బిగించి, దారంతో ఏదో కట్టాడు."

"ఏడీ ఆయన?"

"ఇప్పుడే బస్సెక్కించి వస్తున్నా. మీరొచ్చేదాకా ఉండమన్నాను. చూద్దామనుకున్నవాడు లేడు, ఇంకెందుకులే అన్నాడు."

ఆమె వంగి లైటు వెనక్కి చూసింది.

వైరు కదలకుండా మైనం దారం. మూడు చుట్లు, వెనక్కి తిప్పి ఒక ముడి.

ఆ ముడి ఆమెకి వచ్చు. నాన్న నేర్పాడు. నాన్నకి నేర్పినాయన మరొకరికి నేర్పలేదు.

ఆమె వేలితో ఆ ముడిని తడిమింది.

మంచంమీద నాన్న అన్న మాట చెవుల్లో వినబడింది. "నేను వదులుగా బిగించిన వైరుకి బండి కాలిపోతే, మా గురువు తప్పు తనదేనని చెప్పి ఊరొదిలి వెళ్లిపోయాడమ్మా. నిజం అందరికీ చెప్పేశానని, ఇక వచ్చెయ్యమని చెప్పు."

బస్టాండుకి పరుగెత్తింది. అక్కడ బస్సు లేదు.

ఆయాసపడుతూ వెనకే వచ్చిన డ్రైవరుని అడిగింది, "ఏ ఊరి బస్సు?"

"చూసుకోలేదమ్మా."

షెడ్డుకి తిరిగొచ్చి, కుర్చీ ముందు నేలమీద కూలబడింది. ఏడుపు ఆగలేదు.

చివరిదాకా నాన్న ఎదురుచూసిన గురువుని, ఆయన కోసమే ఉంచిన కుర్చీలోంచి తనే లేపేసింది.